లైనింగ్‌తో జిప్పు పౌచ్ కుట్టడం ఎలా: మూలలు ఉబ్బకుండా, గుడ్డ జిప్పులో పడకుండా

జిప్పు పౌచ్ కుట్టడం మొదలుపెట్టినవాళ్లు అటూ ఇటుగా ఇవే ప్రశ్నలు అడుగుతారు. జిప్పు రెండు చివర్లా గుడ్డ ముద్దలా ఎందుకు ఉబ్బుతోంది? లోపలి లైనింగ్ మాటిమాటికీ రన్నర్‌లో ఎందుకు పడుతోంది? అంతా కుట్టేశాక తిరగేద్దామంటే జిప్పు మూసి ఉంది, ఇప్పుడేం చేయాలి?

ఈ మూడింటిలో ఏదీ మిషన్ తొక్కడం రాక వచ్చే ఇబ్బంది కాదు. కొలతల దగ్గర, జిప్పు చివర్లను సిద్ధం చేసుకునే దగ్గర తొందరపడటం వల్ల వచ్చేవి. అందుకే ఇక్కడ కుట్టడం కన్నా కుట్టే ముందు పనికే ఎక్కువ చోటిచ్చాం. తిన్నగా ఒక గీత మీద కుట్టగలిగితే చాలు, ఈ పౌచ్ మీకు వస్తుంది. జాకెట్ కుట్టడం వచ్చి ఉండనక్కర్లేదు.

కింద ఇచ్చిన కొలతలతో తయారయ్యే పౌచ్ 8 అంగుళాల వెడల్పు, సుమారు 6 అంగుళాల ఎత్తు ఉంటుంది. కొత్త పెన్సిళ్లు, ఫోన్ చార్జర్, ప్రయాణంలో మందులు, డబ్బులు, బొట్టు కాటుక సామాను దేనికైనా సరిపోతుంది.

కావలసినవి

పై గుడ్డ: మరీ పల్చగా లేని కాటన్ ఏదైనా పనికొస్తుంది. కలంకారీ, ఇక్కత్, మంగళగిరి కాటన్, పాత జీన్స్, అన్నీ బాగుంటాయి. పేరంటాల్లో పెట్టిన జాకెట్ ముక్కలు ఇంట్లో పేరుకుని ఉంటాయి కదా, వాటినే తీయండి. 80 సెంటీమీటర్ల ముక్క ఒక్కటి ఉంటే రెండు పౌచ్‌లకు పై గుడ్డ, లైనింగ్ రెండూ తేలిగ్గా వస్తాయి. మొదటి పౌచ్‌కి పట్టు, శాటిన్, సాగే గుడ్డ వద్దు. అవి సూది కింద జారిపోతాయి.

లైనింగ్: పాప్లిన్ లేదా జాకెట్ల లైనింగ్‌కి వాడే కాటన్. లేత రంగు తీసుకోండి. లోపల చీకటిగా ఉంటే చిన్న వస్తువులు కనిపించవు.

ఫ్యూజింగ్: గుడ్డ వెనక అతికించి దానికి కాస్త గట్టిదనం ఇచ్చే పొర. ఇస్త్రీ చేస్తే అతుక్కునే రకం, పల్చటిది. టైలరింగ్ సామాన్ల షాపుల్లో మీటరు లెక్కన ఇస్తారు. కాలర్లకు వాడే గట్టి బక్రం మాత్రం తేవద్దు. దాంతో పౌచ్ తిరగేసేటప్పుడు మడతలు పడి, ఆ గీతలు ఇక పోవు.

జిప్పు: నైలాన్ జిప్పు, నంబరు 5 లేదా నంబరు 3. నంబరు 5 కాస్త వెడల్పు, కొత్తవాళ్లకు కుట్టడం సులువు. లోహపు పళ్ల జిప్పు వద్దు. సూది దాని మీద పడితే విరుగుతుంది, కావలసిన పొడవుకి కత్తిరించడమూ కష్టం. రోలు నుంచి మీటరు లెక్కన కొంటే రన్నర్లు విడిగా అడిగి తీసుకోండి. 9, 10 అంగుళాల రెడీమేడ్ జిప్పు దొరికితే అదీ మంచిదే, కత్తిరించి వాడుకోవచ్చు.

దారం, సూది: పాలిస్టర్ దారం. కాటన్ గుడ్డకి 14 నంబరు సూది, జీన్స్‌కి 16 నంబరు. ఎన్నాళ్లుగానో మిషన్‌లో ఉన్న సూదైతే ముందు అది మార్చండి.

ఇవి కాక టేపు, స్కేలు, టైలర్ చాక్, గుండుసూదులు, కత్తెర, కుట్లు విప్పే పనిముట్టు, ఇస్త్రీపెట్టె. జిప్పుకి వాడే ఒంటివైపు పాదం ఉంటే పని హాయిగా సాగుతుంది. లేకపోయినా నంబరు 5 జిప్పుని మామూలు పాదంతోనే కుట్టొచ్చు.

కత్తిరించాల్సిన ముక్కలు

పై గుడ్డ: 9 × 6½ అంగుళాలు, 2 ముక్కలు
లైనింగ్: 9 × 6½ అంగుళాలు, 2 ముక్కలు
ఫ్యూజింగ్: 8 × 5¾ అంగుళాలు, 2 ముక్కలు
జిప్పు: 7¾ అంగుళాలు
జిప్పు చివరి పట్టీలు (లైనింగ్ గుడ్డతో): 3 అంగుళాల పొడవు, జిప్పు ఎంత వెడల్పుంటే అంత వెడల్పు (నంబరు 5కి సుమారు 1¼ అంగుళం, నంబరు 3కి సుమారు 1 అంగుళం), 2 ముక్కలు

జిప్పు దగ్గర పావు అంగుళం, మిగతా మూడు వైపులా అర అంగుళం కుట్టులోకి పోతాయి. ఆ మార్జిన్ అంతా పై కొలతల్లో కలిసే ఉంది, మళ్లీ కలపకండి.

వేరే సైజు కావాలంటే లెక్క ఇది. పూర్తయ్యాక ఎంత వెడల్పు కావాలో దానికి 1 అంగుళం, ఎత్తుకి ముప్పావు అంగుళం కలిపి గుడ్డ కత్తిరించండి. ఫ్యూజింగ్‌కి ఏమీ కలపొద్దు. జిప్పు మాత్రం పూర్తయిన వెడల్పు కన్నా పావు అంగుళం తక్కువ ఉండాలి. ఉదాహరణకి 9 × 4 పౌచ్‌కి గుడ్డ 10 × 4¾, ఫ్యూజింగ్ 9 × 4, జిప్పు 8¾.

జిప్పు ఎందుకు తక్కువ ఉండాలంటే, దాని చివర పక్క కుట్టులోకి పోకూడదు. చాలామంది జిప్పుని గుడ్డంత పొడవు ఉంచి, పక్క కుట్టులో కలిపి కుట్టేస్తారు. అక్కడ గుడ్డ పొరల మధ్య నైలాన్ పళ్లు కూడా చేరి గట్టి గడ్డలా తయారవుతుంది. మూల ఉబ్బడానికి మొదటి కారణం అదే. చిన్న గుడ్డ పట్టీలు పెడితే కుట్టులోకి పట్టీ మాత్రమే వెళ్తుంది, జిప్పు లోపలే ఆగిపోతుంది.

కుట్టే ముందు

గుడ్డని ముందు నీళ్లలో నానబెట్టి, ఉతికి, నీడన ఆరేసి ఇస్త్రీ చేయండి. కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. పై గుడ్డ ఒకలా, లైనింగ్ ఇంకోలా కుంచించుకుంటే పూర్తయిన పౌచ్ మెలిపడుతుంది. ముదురు రంగు కలంకారీ, ఇక్కత్ రంగు వదులుతాయేమో చూసుకోండి. రెండు మూడు ఉతుకుల తర్వాత కూడా నీళ్లలో రంగు దిగుతుంటే తెల్ల లైనింగ్ జత చేయకండి.

తర్వాత మిషన్. మీరు వాడబోయే గుడ్డ నాలుగు పొరలు పెట్టి ఒక చిన్న ముక్క మీద కుట్టి చూడండి. అంగుళానికి 10 కుట్లు రావాలి. స్కేలు పెట్టి లెక్కపెట్టండి, పాత మిషన్ల మీద ఉన్న అంకెల్ని నమ్మొద్దు. పైనా కిందా కుట్టు ఒకేలా కనిపించాలి. బాబిన్‌లో సగం కన్నా తక్కువ దారం ఉంటే ఇప్పుడే నింపేయండి. జిప్పు మధ్యలో దారం అయిపోతే అతుకు కనిపిస్తుంది.

కుట్టే విధానం

1. ముక్కలు కత్తిరించండి. గుడ్డ పోగు నిలువుగా ఉండేలా స్కేలుతో గీసి, గీత మీదే కత్తిరించండి. ఏటవాలుగా కత్తిరించిన ముక్క సాగి, పౌచ్ ఒక పక్కకి ఒరుగుతుంది. నెమళ్లు, పువ్వుల్లాంటి బొమ్మలున్న గుడ్డైతే రెండు ముక్కల్లోనూ బొమ్మ తల జిప్పు వైపే ఉండాలి. పై అంచు మధ్యలో, అంటే 4½ అంగుళాల దగ్గర, నాలుగు ముక్కలకీ చాక్‌తో చిన్న గుర్తు పెట్టండి. ఆ గుర్తు తర్వాత చాలాసార్లు అక్కరకొస్తుంది.

2. ఫ్యూజింగ్ అతికించండి. పై గుడ్డ తిరగవైపు పైకి పెట్టి, దాని మీద ఫ్యూజింగ్‌ని జిగురు వైపు కిందికి ఉంచండి. చేత్తో తడిమితే గరుకుగా, చుక్కలు చుక్కలుగా తగిలేదే జిగురు వైపు. పై అంచు నుంచి పావు అంగుళం, మిగతా మూడు వైపులా అర అంగుళం ఖాళీ వదలండి. మీద పల్చటి గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెని ఒక్కో చోట 10 నుంచి 12 సెకన్లు నొక్కి పట్టుకోండి. రుద్దితే ఫ్యూజింగ్ జరిగి ముడత పడుతుంది, కాబట్టి ఎత్తి పక్క చోట పెట్టండి. పూర్తిగా చల్లారాక ఒక మూల గోటితో లాగి చూడండి. లేచి వస్తే ఇంకోసారి నొక్కాలి.

లైనింగ్‌కీ, పట్టీలకీ ఫ్యూజింగ్ వేయకండి.

3. రన్నర్ ఎక్కించండి. (జిప్పుకి రన్నర్ ఉంటే ఎక్కించే పని దాటేయండి. రన్నర్‌ని మధ్యకి జరిపి 7¾ అంగుళాలకి కత్తిరించడం, విడిగా ఉన్న చివరని కలపడం మాత్రం చేయండి. షాపులో అడిగితే ఎక్కించి ఇచ్చేవాళ్లూ ఉంటారు.) జిప్పుని 7¾ అంగుళాలకి కత్తిరించి, రెండు పట్టాలనీ (పళ్లున్న రెండు పక్కలనీ) చేత్తో పూర్తిగా విడదీయండి. రన్నర్‌కి ఒక వైపు రెండు దారులు, రెండో వైపు ఒకే దారి ఉంటుంది. రెండు దారులున్న వైపు నుంచి ఒక్కో పట్టా చివర ఒక్కో దారిలోకి దూర్చండి. రెండు చివర్లూ ఒకే సమంలో ఉండాలి. రన్నర్‌ని మధ్య దాకా తోయండి, వెనకాల జిప్పు కలిసి మూసుకుంటుంది. ఒక పట్టా కాస్త ముందుకి పోయి ఉంటే జిప్పు వంకర తిరిగి, ఒక పక్క గుబ్బలా లేస్తుంది. అలా ఉంటే రన్నర్ తీసేసి మళ్లీ ఎక్కించండి. తర్వాత సర్దుకుంటుందిలే అని వదిలేస్తే మాత్రం సర్దుకోదు.

విడిగా ఉన్న రెండో చివర పట్టాలు పక్కపక్కన ఆనేలా పెట్టి, చేత్తో నాలుగు కుట్లు వేసి కలపండి. లేదంటే పట్టీ కుట్టేటప్పుడు అవి విడిపోయి V ఆకారంలో ఉండిపోతాయి.

4. చివరి పట్టీలు కుట్టండి. 3 అంగుళాల పట్టీ రెండు పొట్టి అంచులనూ తిరగవైపుకి అర అంగుళం చొప్పున మడిచి ఇస్త్రీ చేయండి. ఇప్పుడు పొడవు 2 అంగుళాలు. దాన్ని మధ్యకి మడిస్తే 1 అంగుళం. మడిచిన రెండు అంచుల మధ్యలోకి జిప్పు చివరని పావు అంగుళం దూర్చి, అంచు నుంచి అరపావు అంగుళం లోపల (3 మిల్లీమీటర్లు) ఒక కుట్టు వేయండి. నైలాన్ పళ్ల మీదుగా వెళ్లేటప్పుడు మిషన్ తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండో చివరా ఇంతే.

ఇప్పుడు జిప్పు, పట్టీలు కలిపి 9¼ అంగుళాలు ఉంటుంది. రెండు చివర్లా అరపావు చొప్పున కత్తిరించి సరిగ్గా 9 అంగుళాలు చేయండి. పట్టీ వెడల్పు జిప్పు కన్నా బయటికి వచ్చి ఉంటే అదీ సమంగా కత్తిరించండి. జిప్పు మధ్యలో, 4½ అంగుళాల దగ్గర, రెండు పట్టాల మీదా చాక్ గుర్తు పెట్టండి.

5. మొదటి వైపు కుట్టండి. పై గుడ్డ ఒకటి మంచివైపు పైకి పరవండి. దాని పై అంచు మీద జిప్పుని బోర్లా, రన్నర్ గుడ్డని తాకేలా పెట్టండి. దాని మీద లైనింగ్ ఒకటి మంచివైపు కిందికి పెట్టండి. మూడింటి అంచులూ, మధ్య గుర్తులూ కలవాలి. ముందు మధ్యలో గుండుసూది పెట్టి, తర్వాత చివర్లకి వెళ్లండి. గుడ్డ జారుతోందనిపిస్తే గుండుసూదులకు బదులు చేత్తో కచ్చా కుట్టు వేయండి. పది నిమిషాల పని, కానీ విప్పి కుట్టే గంట మిగులుతుంది.

పావు అంగుళం మార్జిన్‌తో కుట్టండి. జిప్పు సగం తెరిచి మొదలుపెట్టండి. రన్నర్ దగ్గరికి రాగానే సూది గుడ్డలో దిగి ఉండగా పాదం ఎత్తి, రన్నర్‌ని కుట్టేసిన వైపుకి జరిపి, పాదం దించి మిగతాది కుట్టండి. రన్నర్ పక్కనుంచి పాదాన్ని బలవంతంగా తోసుకెళ్తే అక్కడ కుట్టు వంకర పోయి, బయటికి కనిపిస్తుంది.

జిప్పుని లాగకండి. కుట్టేటప్పుడు చేత్తో లాగిపట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. లాగిన జిప్పు తర్వాత మళ్లీ ముడుచుకుంటుంది, గుడ్డ అలలు అలలుగా మిగులుతుంది.

6. తిప్పి ఇస్త్రీ చేసి, పై కుట్టు వేయండి. పై గుడ్డనీ లైనింగ్‌నీ జిప్పు నుంచి వెనక్కి మడిచి, తిరగవైపులు ఒకదానికొకటి ఆనేలా పెట్టండి. మీద గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె వేడి తగ్గించి నొక్కండి. నైలాన్ పళ్ల మీద వేడి ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే కరుగుతాయి. తర్వాత గుడ్డ మీద, జిప్పు అంచుకి అరపావు అంగుళం దూరంలో పై కుట్టు వేయండి. ఈ కుట్టు కొంచెం పెద్దది, అంగుళానికి 8, అయితే చూడటానికి బాగుంటుంది. రెండు చివర్లా అర అంగుళం వదిలేయండి, అంచు దాకా కుట్టొద్దు. ఆ కాస్త వదులు ఉంటేనే మూల చక్కగా మడత పడుతుంది. దారాల్ని తిరగవైపుకి లాగి ముడివేయండి.

పై కుట్టు అలంకారానికే అనుకుని వదిలేస్తారు. లైనింగ్ రన్నర్‌లో పడకుండా ఆపేది ఇదే. ఇది లేని పౌచ్‌లో లైనింగ్ అంచు వదులుగా లేచి, జిప్పు వేసిన ప్రతిసారీ ఇరుక్కుంటుంది.

7. రెండో వైపు. రెండో పై గుడ్డ మంచివైపు పైకి పరిచి, ఇందాక కుట్టినదాన్ని దాని మీద బోర్లా వేయండి. జిప్పు రెండో అంచు, కొత్త గుడ్డ పై అంచు కలవాలి. పైన రెండో లైనింగ్ మంచివైపు కిందికి. సూది పెట్టే ముందు ఒకసారి చూసుకోండి: పై గుడ్డల మంచివైపులు ఒకదాన్నొకటి చూస్తున్నాయా? లైనింగ్‌లూ అలాగే ఉన్నాయా? మధ్య గుర్తులు నాలుగూ ఒకే చోట ఉన్నాయా? అప్పుడు 5, 6 అంచెల్లో చేసినట్టే కుట్టి, ఇస్త్రీ చేసి, పై కుట్టు వేయండి.

ఇక్కడ ఆగి పరీక్ష చేయండి. పౌచ్‌ని జిప్పు దగ్గర మడిచి వెలుతురులోకి పట్టుకోండి. ముందు గుడ్డ, వెనక గుడ్డ పక్క అంచులు కలవాలి. 2, 3 మిల్లీమీటర్ల తేడా ఉంటే కత్తెరతో సరిచేయొచ్చు. అంతకన్నా ఎక్కువుంటే రెండో వైపు కుట్టు విప్పి మళ్లీ కుట్టండి. ఈ తేడాతో ముందుకి వెళ్తే జిప్పు ఏటవాలుగా కూర్చుంటుంది, ఇక దాన్ని సరిచేసే దారి లేదు.

8. జిప్పు తెరవండి. కనీసం సగానికి పైగా. రన్నర్ మరీ చివరికి పోతే పక్క కుట్టుకి అడ్డం వస్తుంది. ఇప్పుడు తెరవకపోతే 11వ అంచెలో పౌచ్ తిరగేయలేరు. ఒకవేళ మర్చిపోయి కుట్టేస్తే కంగారు పడొద్దు. లైనింగ్‌లో వదిలిన ఖాళీ గుండా చెయ్యి పెట్టి, జిప్పు వెనక వైపు నుంచి రన్నర్‌ని వేళ్లతో మెల్లగా తోయండి. రాకపోతే ఒక పక్క కుట్టు రెండు అంగుళాలు విప్పాల్సిందే.

9. పరిచి గుండుసూదులు పెట్టండి. పై గుడ్డలు రెండూ ఒక వైపు, మంచివైపులు కలిసేలా. లైనింగ్‌లు రెండూ రెండో వైపు, అవీ మంచివైపులు కలిసేలా. మధ్యలో జిప్పు. పట్టీలు సగానికి మడత పడతాయి. ఆ మడత లైనింగ్ వైపుకి చూసేలా పెట్టండి. పట్టీకి అటూ ఇటూ ఉన్న కుట్లు ఒకదాని మీద ఒకటి కలవాలి. ముందు ఆ రెండు చోట్లా సూదులు పెట్టి, తర్వాతే మిగతా అంచులకు రండి. ముందు అడుగు నుంచి సూదులు పెట్టుకుంటూ వస్తే జిప్పు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ మిగిలిపోయి, అక్కడే ముద్ద కడుతుంది.

లైనింగ్ అడుగు అంచు మధ్యలో 4 అంగుళాలు చాక్‌తో గుర్తు పెట్టండి. అది తిరగేయడానికి వదిలే ఖాళీ.

10. చుట్టూ కుట్టండి. ఖాళీ ఒక చివర మొదలుపెట్టి, చుట్టూ తిరిగి రెండో చివర ఆపండి. అర అంగుళం మార్జిన్. మొదట్లో, చివర్లో వెనక్కీ ముందుకీ మూడు కుట్లు వేయండి. రివర్స్ లేని మిషన్ అయితే గుడ్డని తిప్పి అదే గీత మీద కొద్దిగా కుట్టండి. తిరగేసేటప్పుడు ఒత్తిడంతా ఈ రెండు చోట్లే పడుతుంది.

లైనింగ్ అడుగు కుట్టు మాత్రం అర అంగుళం కన్నా అరపావు ఎక్కువ లోపలికి వేయండి. లైనింగ్ పై గుడ్డ కన్నా కొంచెం చిన్నదైతేనే లోపల సాఫీగా కూర్చుంటుంది. రెండూ సమానంగా ఉంటే లైనింగ్ మిగిలి, అడుగున ముడత పడుతుంది. పక్కల్లో ఇలా చేయొద్దు, కుట్టు జిప్పు చివరకి తగిలేస్తుంది.

పట్టీల దగ్గర పొరలు ఎక్కువ. పాదం ముందు ఎత్తు, వెనక పల్లం అయితే మిషన్ అక్కడే ఆగి కుట్లు చిన్నవైపోతాయి. మడిచిన అట్టముక్కని పాదం వెనక పెట్టి ఎత్తు సమం చేసి, చక్రం చేత్తో తిప్పుతూ దాటండి. పట్టీల మీదుగా ఇంకోసారి కుట్టు వేయండి.

11. మూలలు కత్తిరించి, తిరగేయండి. అడుగు మూలలు నాలుగింటినీ ఏటవాలుగా, కుట్టుకి అరపావు దూరంలో కత్తిరించండి. జిప్పు పక్కన ఉన్న మార్జిన్‌ని సగానికి తగ్గించండి, కానీ కుట్టు తెగకుండా. పోగులు ఊడే గుడ్డైతే పక్క అంచులకు జిగ్‌జాగ్ కొట్టండి. మామూలు మిషన్ అయితే అంచు పక్కనే ఇంకో కుట్టు వేస్తే సరిపోతుంది.

ఖాళీలోంచి మొత్తం బయటికి లాగి, జిప్పు గుండా పై గుడ్డని తిప్పండి. మూలల్ని మొద్దు పెన్సిల్‌తోనో, అల్లిక సూది వెనక వైపుతోనో నెట్టండి. కత్తెర మొనతో నెడితే మూల చిరుగుతుంది. జిప్పు పక్క మూలల్ని లోపలినుంచి వేలితో నెట్టి, బయటినుంచి గోటితో పట్టి సరిచేయండి.

12. ఖాళీ మూయండి, అయితే వెంటనే కాదు. ముందు కింది పరీక్షలు చేయండి. అన్నీ బాగుంటేనే లైనింగ్ ఖాళీ అంచుల్ని లోపలికి మడిచి, అంచు పక్కనే మిషన్ కుట్టు వేయండి. కుట్టు కనబడకూడదంటే చేత్తో వేయండి. లైనింగ్‌ని లోపలికి నెట్టి, గుడ్డ వేసి మెల్లగా ఇస్త్రీ చేయండి.

ఖాళీ మూసే ముందు చేయాల్సిన పరీక్షలు

జిప్పుని ఈ చివర నుంచి ఆ చివర దాకా పది సార్లు వేసి తీయండి. ఒక్క వేలితో సాగాలి. ఒకే చోట ఆగుతుంటే అక్కడ లైనింగ్ అంచు లేచిందో, దారం ముక్క పడిందో చూడండి.

పక్క కుట్ల దగ్గర గుడ్డని రెండు చేతులతో లాగండి. కుట్ల మధ్య ఖాళీలు కనిపిస్తే పై దారం వదులుగా ఉందని అర్థం. మిషన్ మీద పై దారం బిగువు (టెన్షన్) పెంచి, అదే గీత మీద మళ్లీ కుట్టండి.

లైనింగ్ కుట్టు మొత్తం వేలితో తడుముతూ వెళ్లండి. ఎక్కడైనా ఒక పొర మాత్రమే కుట్టులో పడి, రెండోది జారిపోయిందేమో తెలుస్తుంది. ఇది కంటికి కనపడదు, నాణేలు వేసిన రోజు బయటపడుతుంది.

పౌచ్‌ని బల్ల మీద పరిచి కొలవండి. పై వెడల్పు, కింది వెడల్పు రెండూ 8 అంగుళాలు ఉండాలి.

సాధారణంగా వచ్చే ఇబ్బందులు

మూలలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. జిప్పు చివర కుట్టులో పడిందేమో తిరగేసి చూడండి. పడకపోతే పట్టీ మడత పై గుడ్డ వైపుకి తిరిగి ఉంటుంది. ఆ మూల దగ్గర ఒకటిన్నర అంగుళం కుట్టు విప్పి, మడతని లైనింగ్ వైపుకి తిప్పి మళ్లీ కుట్టండి. పట్టీకి మందపాటి గుడ్డ వాడినా ఇలాగే ఉంటుంది. పై గుడ్డ జీన్స్ అయినా పట్టీ లైనింగ్ గుడ్డతోనే చేయండి.

జిప్పు పక్కన మూల లోపలికి పోయి గుంటలా ఉంది. పక్క కుట్టు పట్టీ మీద మరీ లోపలికి పడింది. పట్టీ అరపావు నుంచి పావు అంగుళం దాకా అయినా బయటికి కనపడాలి.

కింద దారం గూడులా చుట్టుకుంటోంది. ఇది బాబిన్ తప్పనుకుంటారు, చాలాసార్లు తప్పు పై దారంది. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకి వెళ్లదు. పాదం ఎత్తి, మొదటినుంచి దారం మళ్లీ ఎక్కించండి. కుట్టు మొదట్లో రెండు దారాల చివర్లనీ చేత్తో పట్టుకోండి.

కుట్లు తప్పిపోతున్నాయి. సూది మొద్దుబారింది, లేదా మిషన్‌లో తిరగ పెట్టారు. కొత్త సూది పెట్టి చూడండి.

జిప్పు అలలుగా ఉంది. కొద్దిగా ఉంటే గుడ్డ వేసి ఆవిరి పట్టిస్తే తగ్గుతుంది. ఎక్కువుంటే లాగి కుట్టినట్టే. విప్పి, కచ్చా కుట్టు వేసుకుని మళ్లీ కుట్టడం తప్ప మార్గం లేదు.

మార్పులు చేసుకోవాలంటే

అడుగు వెడల్పుగా, నిలబడే పౌచ్ కావాలంటే: 10వ అంచె తర్వాత, మూలలు కత్తిరించకుండా, అడుగు కుట్టూ పక్క కుట్టూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా ప్రతి మూలనీ త్రికోణంగా పట్టుకోండి. కుట్టు మొన నుంచి 1 అంగుళం లోపల అడ్డంగా గీత గీస్తే అది 2 అంగుళాల పొడవు ఉంటుంది. దాని మీద రెండు సార్లు కుట్టి, పావు అంగుళం వదిలి మొన కత్తిరించండి. పై గుడ్డకి రెండు, లైనింగ్‌కి రెండు, మొత్తం నాలుగు మూలలు. అడుగు 6 × 2 అంగుళాలు అవుతుంది, ఎత్తు ఒక అంగుళం తగ్గుతుంది. ఎత్తు తగ్గకూడదంటే ముక్కలు కత్తిరించేటప్పుడే ఎత్తుకి 1 అంగుళం కలుపుకోండి.

తడి తగిలే సామాను కోసమైతే లైనింగ్‌కి గొడుగు గుడ్డ లేదా రెయిన్‌కోట్ గుడ్డ వాడండి. దానికి గుండుసూది గుచ్చితే ఆ రంధ్రం అలాగే ఉండిపోతుంది, బట్టల క్లిప్పులతో పట్టుకోండి. ఇస్త్రీ బదులు గోటితో గీసి మడత వేయండి. తిరగేసే ఖాళీ కూడా మార్జిన్‌లోనే మడిచి ఒకేసారి కుట్టాలి, విప్పిన కుట్టు రంధ్రాలు మూసుకోవు.

పాత పట్టుచీర అంచుతో కుట్టాలనుకుంటే, ముక్క కత్తిరించే ముందే ఆ భాగం మొత్తానికి ఫ్యూజింగ్ అతికించి, తర్వాత కొలిచి కత్తిరించండి. అప్పుడు పోగులు ఊడవు, జరీ సూది కింద జారదు. కాటన్‌కి పెట్టిన వేడి పట్టుకి పెట్టొద్దు.

మిషన్ లేకపోయినా ఇదే పౌచ్ చేత్తో కుట్టొచ్చు. పక్కలకీ, జిప్పుకీ ప్రతి కుట్టూ వెనక్కి వచ్చి ముందుకి వెళ్లేలా రెండు పోగుల దారంతో కుట్టండి. ముందుకి మాత్రమే వెళ్లే కచ్చా కుట్టుతో వదిలేస్తే జిప్పు లాగినప్పుడు వదులైపోతుంది. పై కుట్టు మాత్రం మానొద్దు.

ఉతికేటప్పుడు జిప్పు మూసి, చేత్తో ఉతకండి. పిండకుండా, జిప్పు తెరిచి, లైనింగ్ బయటికి లాగి నీడన ఆరేయండి.